గుర్రం మీద బట్టల క్లిప్పు



శీర్షిక విని గుర్రానికి బట్టల క్లిప్పు ఎందుకని నవ్వుకున్నవాళ్ళకు ముందే చెప్పేస్తాను. ఈ గుర్రం దాణా తినదు. వయొలిన్ మీద నాలుగు తీగల్నీ వీపున మోస్తూ నిలబడే చిన్న చెక్కముక్కను మన సంగీతం వాళ్ళు గుర్రం అంటారు. వీణకూ తంబురాకూ ఉన్నదీ గుర్రమే. వయొలిన్ గుర్రం తూకం రెండు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. తీగ మీద కమాను లాగితే పుట్టిన కదలికంతా ఈ రెండు గ్రాముల చెక్కలోంచే దిగి వయొలిన్ పొట్టలోకి పోవాలి. దానికి వేరే తోవ లేదు.

నేను టేకులపల్లిలో బడిపంతులుగా పనిచేసిన రోజుల్లో, నలభై దాటాక, వయొలిన్ పట్టాను. కొత్తగూడెం నుంచి ఇల్లెందు పోయే దారిలో ఉంటుంది మా టేకులపల్లి. చుట్టూ అడవి, అడవిలో కోయగూడేలు, లంబాడీ తండాలు, ఇంకొంచెం పోతే సింగరేణి వాళ్ళ కోయగూడెం ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని. నలభై దాటాక పట్టిన వయొలిన్ మొదటి రెండేళ్ళూ ఎలా పలుకుతుందో వాయించేవాడికన్నా గోడ అవతల ఉన్నవాళ్ళకే బాగా తెలుస్తుంది. మాది రెండు పోర్షన్ల ఇల్లు, నడుమ ఒకటే గోడ. ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు సరళీ స్వరాలు మొదలుపెట్టాను. పావుగంటకు పక్క పోర్షన్ ఆవిడ గుమ్మంలో నిలబడింది.

"సారూ, మా ఆయనది నైటు షిఫ్టు. ఇప్పుడే కండ్లు మూసిండు. జర ఆ ఫిడేలు…"

మాట పూర్తి చెయ్యలేదు, మర్యాదస్థురాలు. నేను వయొలిన్ పెట్టెలో పెట్టేశాను. కానీ లోపల ఒక ఉక్రోషం ఉండిపోయింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ పడితే మా వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. ఆ మోతకు గురక ఆపని మనిషి నా మాయామాళవగౌళకు లేచి కూర్చుంటాడా?

పోనీ న్యాయం అడుగుదామంటే చట్టం నా పక్షమే. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన నిబంధనలు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దాన్ని కాపాడతాయి. ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని హద్దు గీశారు. 2010లో సవరించి, లౌడు స్పీకర్ల సరసన వాయిద్యాలనూ చేర్చారు. అంతా బాగానే ఉంది. అయితే ఆ నిబంధనల ప్రకారం నిద్రపోయేవాళ్ళందరూ రాత్రే నిద్రపోతారు. రాత్రంతా బొగ్గు తవ్వి, లోకానికి తెల్లారాక తనకు చీకటి చేసుకునే మనిషి ఆ లెక్కలో ఎక్కడా లేడు. మా దగ్గర ఇంటికొకరు అలాంటివాళ్ళు.

ఖమ్మంలో నాకు పాఠం చెప్పిన పెద్దాయనతో ఈ గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన నవ్వి, "మ్యూట్ అని అమ్ముతారు, గుర్రం నెత్తిన తొడుగుతారు. హైదరాబాదు పోయినప్పుడు కొనుక్కో. అందాకా దండెం మీది బట్టల క్లిప్పు చాలు" అన్నారు. నేను పరిహాసమనుకున్నాను. ఇంటికొచ్చి ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి తెచ్చి, తీగలకు తగలకుండా గుర్రం నడినెత్తిన పట్టించాను. కమాను లాగాను. నా చేతిలో ఉన్నది నా వయొలినేనా అని అనుమానం వచ్చింది. గోరుతో పలక మీద గీసినట్టుండే ఆ గరుకు పోయి, కంబళి కప్పుకుని మాట్లాడుతున్నట్టు పలికింది.

ఆ సాయంత్రం పక్కింటాయన అరుగు మీద టీ తాగుతూ అడిగాడు: "సారూ, ఇయ్యాల మీరు ఇంట్ల లేరా? ఫిడేలు ఎక్కడో తండా అవతల వాయించినట్టు ఇనపడ్డది."

చిన్నగా వినపడ్డదని అనలేదాయన. దూరంగా అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

మీ రేడియో మీట కొంచెం తగ్గించి చూడండి. నా మాట ఆగదు, కానీ నా గొంతులో బరువు పోయి పలచబడుతుంది. మన చెవి తీరే అంత. శబ్దం మొత్తంగా తగ్గుతున్నకొద్దీ ముందు కింది స్వరాలు చెవికి అందకుండా పోతాయి. అమెరికాలో బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో దీన్ని కొలిచి, గీతలు గీసి చూపించారు. ఇక మ్యూట్ సంగతి దీనికి తలకిందులు. అది పై స్వరాలను పట్టుకుంటుంది, కింది వాటిని దాదాపు వదిలేస్తుంది. వయొలిన్ గుర్రం సెకనుకు రెండున్నర వేల నుంచి మూడు వేల కంపనాల దగ్గర తనంతట తాను ఉత్సాహంగా ఊగుతుంది. వయొలిన్‌కు ఆ మెరుపు, ఆ పదును అక్కడివే. మనిషి చెవికి అన్నిటికన్నా చురుకైన చోటు కూడా దాదాపు అదే. చంటిపిల్ల ఏడుపులో మనల్ని పొడిచి లేపే భాగమూ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. రెండు గ్రాముల గుర్రం నెత్తిన ఇంకో రెండు గ్రాములు పెడితే అంత వేగంగా ఊగడం దాని వల్ల కాదు. మెల్లటి ఊపులకు మాత్రం ఆ బరువు పెద్ద లెక్కలోది కాదు. సాధన కోసమని ఇత్తడివీ ఉక్కువీ మ్యూట్లు దొరుకుతాయి. అవి గుర్రానికి ఎన్నో రెట్ల బరువు. వాటిని పెడితే గోడ అవతలికి గొణుగుడు తప్ప ఏమీ పోదు.

బ్లాస్టింగ్‌కు లేవని మనిషి నా సరళీ స్వరాలకు ఎందుకు లేచాడో అప్పుడు అర్థమైంది. గని మోత దూరం నుంచి వచ్చేసరికి వట్టి గుమ్మనే మోత. నాది చెవి పక్కనే చంటిపిల్ల ఏడుపు.

ఈ క్లిప్పు శాస్త్రాన్ని ప్రపంచానికి విడమరచి చెప్పినవాళ్ళలో మనకు దగ్గరివాడు ఒకాయన ఉన్నారు. చంద్రశేఖర వెంకటరామన్. 1930లో నోబెల్ తెచ్చిన కాంతి కథ అందరికీ తెలుసు. అంతకుముందు చాలా ఏళ్ళ పాటు ఆయన వెంటపడింది ఎక్కువగా శబ్దాన్నే. తండ్రి విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు కాబట్టి చిన్నతనం అక్కడి సముద్రం పక్కన గడిచింది. పెళ్ళాడిన లోకసుందరి వీణ వాయించేవారు. కలకత్తాలో ఆర్థికశాఖ ఉద్యోగం చేస్తూ, పొద్దునా సాయంత్రం బౌ బజారు ప్రయోగశాలలో వయొలిన్‌ను పరీక్షకు పెట్టారు. 1917లో 'నేచర్' పత్రికలో వయొలిన్ మ్యూట్ వల్ల స్వరం ఎలా మారుతుందో ఒక చిన్న వ్యాసం రాశారు. గుర్రం మీద బరువు వేస్తే వయొలిన్ సొంత ఊపులు కిందికి జారతాయని ఆయన ప్రయోగాలు చూపించాయి. లెక్కల ఆఫీసులో దస్త్రాలు తిరగేసి వచ్చి, గుర్రం నెత్తిన బరువులు మార్చి మార్చి వింటున్న ఆ యువకుణ్ణి తలుచుకుంటే నా బట్టల క్లిప్పుకు కొంత గౌరవం వచ్చినట్టనిపిస్తుంది.

మన కచేరీ వయొలిన్‌లో మ్యూట్ వాడకం లేదనే చెప్పాలి. మెత్తదనం చేతిలోంచి రావాలి. కమానును గుర్రం దగ్గరికి తీసుకుపోతే స్వరం గరుకెక్కుతుంది, అవతలికి జరిపితే మెత్తబడుతుంది. విజయనగరం మహారాజావారి సంగీత కళాశాలలో 1919లో వయొలిన్ ఆచార్యుడిగా చేరి 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి రికార్డులు విన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఆ కమానుకు తొడుగులు అక్కర్లేదు. క్లిప్పు నా బోటి వాళ్ళకు.

సరే, తండా అవతల అన్నాడు కదా మా పక్కింటాయన. ఆయన అడవిలో పుట్టి పెరిగినవాడు, దూరం ఎలా వినపడుతుందో నాకన్నా ఆయనకు బాగా తెలుసు. గాలి కూడా ఒక మ్యూటే. 250 కంపనాల స్వరం కిలోమీటరు దూరం ప్రయాణం చేస్తే గాలి మింగేది ఒక్క డెసిబెల్ చుట్టుపక్కల. 4,000 కంపనాల స్వరానికైతే అదే గాలి ఇరవై డెసిబెల్స్‌కు పైగా మింగేస్తుంది. అంటే దూరం వెళ్ళేకొద్దీ పదును రాలిపోయి దుమ్మనే పునాది మిగులుతుంది. క్లిప్పు గుర్రం మీద చేసే పనీ అదే. మూడడుగుల్లో కిలోమీటరు దూరాన్ని తెచ్చిపెడుతుంది. పడమటి దేశాల స్వరకర్తలు మ్యూట్ పెట్టమని కాగితం మీద రాసేటప్పుడు చాలాసార్లు కోరుకునేది ఈ దూరాన్నే అనిపిస్తుంది నాకు. వాద్యం ఎదురుగానే ఉంటుంది, పాట మాత్రం పొరుగూరి నుంచి వస్తుంది.

గాలికి ఆకు తోడైతే ఇంకా చెప్పాలా? మా ఊరి పేరులోనే టేకు ఉంది. శివరాత్రి దాటేసరికి టేకు ఆకు రాల్చుకుని మోడై నిలబడుతుంది. తొలకరి పడ్డాక మళ్ళీ చేటంత ఆకు వేస్తుంది. ఆకు దట్టంగా ఉన్న అడవిలో పై స్వరాలు ఆకుకాకుకూ తగిలి చెదిరిపోతాయి, కింది స్వరాలు ఆకుల సందుల్లోంచి ఏమీ పట్టనట్టు నడిచి వస్తాయి. వానాకాలం ఒక రాత్రి బోడు వైపు నుంచి తిరిగి వస్తూ బండి ఆపి నిలబడ్డాను. ఎక్కడో డప్పు. సిటికెన పుల్ల పలికే చిటచిటలు ఒక్కటీ అందలేదు. చిర్ర దెబ్బ మాత్రం గుండె మీద వేలితో తట్టినట్టు వస్తూనే ఉంది. డప్పు వాయించేవాడి కుడిచేతిలోని లావు కర్ర చిర్ర, ఎడమచేతిలోని సన్నది సిటికెన పుల్ల. దరువు ఏదో చెప్పేది ఆ సన్నపుల్లే. అది వినపడకపోతే అవతల పెళ్ళో, జాతరో, చావో తేల్చుకోలేం. నేనూ తేల్చుకోలేక కాసేపు అలాగే నిలబడ్డాను.

రాత్రిపూట అంత దూరం నుంచి వినపడటానికీ కారణం ఉంది. పగలు నేల కాగి, నేల మీది గాలి వేడిగా ఉంటుంది కాబట్టి శబ్దం పైకి వంగి మన నెత్తి మీదుగా వెళ్ళిపోతుంది. రాత్రి నేల చల్లబడితే కింది గాలి చల్లన, పై గాలి వెచ్చన. శబ్దం కిందికి వంగి మళ్ళీ మన దగ్గరికి దిగుతుంది.

డప్పు అంటే గుర్తొచ్చింది. వయొలిన్ వాడు మెత్తదనాన్ని వెతుక్కుంటాడు, డప్పు వాడు దాన్ని తరిమికొడతాడు. మేకతోలు వాన తేమ పీల్చి సాగిపోతే దెబ్బ వేసినా ధ్వని లేవదు, తడిసిన సంచి మీద కొట్టినట్టు ఉంటుంది. అందుకే గడ్డి మంట వేసి డప్పు కాపుతారు. తోలు బిగిసిందా లేదా అని మధ్య మధ్య వేలితో మీటి చూస్తారు. ఎక్కువ కాగితే తోలు పగులుతుంది. మంటకు ఎంత దూరంలో ఎంతసేపు తిప్పాలో చెప్పే పుస్తకం ఎక్కడా లేదు. మ్యూట్ అమ్మే దుకాణం హైదరాబాదులో ఉంది గానీ, డప్పు గొంతు విప్పే మంట మాత్రం ఏ వాకిట్లో అయినా దొరుకుతుంది.

మృదంగం వాళ్ళు రెండు పనులూ ఒకే వాయిద్యం మీద చేస్తారు. కచేరీకి ముందు బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి, ఎడమవైపు తొప్పి మధ్యలో అద్దుతారు. రవ్వ బరువుకు తోలు మెల్లగా ఊగి ఆ లోతైన గుంకి వస్తుంది. ఎండి గట్టిపడితే నీళ్ళు చిలకరించి, ఎక్కువైతే గిల్లి, కచేరీ కాగానే గీకి పారేస్తారు. కుడివైపు నల్లమచ్చ రాతిపొడి, అన్నం మెదిపి పొర మీద పొరగా వేసిన శాశ్వతమైన బరువు. ఆ బరువు వల్లే మామూలు తోలులో చిందరవందరగా ఉండే పై స్వరాలు ఒక వరసలోకి వచ్చి శ్రుతికి కలుస్తాయని 1920లో రాసింది కూడా మళ్ళీ మన రామన్ గారే. వయొలిన్ గుర్రం మీద బరువు నోరు నొక్కింది, మృదంగం తోలు మీద అదే బరువు మాట నేర్పింది. ఒకే ఉపాయం ఎక్కడ పెడితే ఏమవుతుందో చూడండి.

ఇత్తడి బాకాల కథ వేరు. 1607లో ఇటలీలోని మాంటువాలో స్వరకర్త మోంటెవెర్డీ 'ఓర్ఫెయో' అనే సంగీత నాటకం ఆడించినప్పుడు మొదట మోగే ట్రంపెట్లకు మ్యూట్లు తొడిగించాడు. ఆ కాలపు మ్యూట్ దూరిస్తే ట్రంపెట్ శ్రుతి ఒక స్వరం పైకి ఎగబాకేది. కాగితం మీద ఒక శ్రుతి, చెవికి ఇంకో శ్రుతి. తర్వాత డ్రెస్డెన్‌లో హాంపెల్ అనే ఆయన చేతినే బూర నోట్లో దూర్చి కొత్త స్వరాలు లాగాడు. ఇక అమెరికా జాజ్ వాళ్ళు కొట్టుకు పోయి, మరుగుదొడ్డి మూసుకుపోతే కొట్టే రబ్బరు కప్పును కొని తెచ్చారు. దాన్ని ట్రంపెట్ మూతికి మూస్తూ తీస్తూ మనిషి మూలిగినట్టు పలికించారు. నా బట్టల క్లిప్పు చూసి నవ్వినవాళ్ళకు ఈ రబ్బరు కప్పు కథ చెబుతూ ఉంటాను. మన పెళ్ళి బ్యాండు వాళ్ళకు మాత్రం ఈ బాధ లేదు. తగ్గించమని అడిగే పెళ్ళికొడుకు ఇంకా పుట్టలేదు.

రేడియోలో కూర్చుని హార్మోనియం ఊసెత్తకపోతే తప్పవుతుంది. హార్మోనియం మూత వేసి వాయిస్తే గొంతు తగ్గుతుందని నాటకాల వాళ్ళకు తెలుసు. 1940లో ఆకాశవాణి ఆ పెట్టెకు అంతకన్నా గట్టి మూత వేసింది. దాని స్వరాలు కదలని మెట్లని, మన గమకాలకు కుదరవని పెద్దలు తీర్పు చెప్పడంతో రేడియోలో హార్మోనియం వినపడకుండా పోయింది. 1971లో గానీ ఆ మూత కాస్త సడలలేదు. పద్యనాటకం హార్మోనియం భుజం మీద నడిచే తెలుగు దేశంలో ముప్పై ఏళ్ళు అంటే మాటలా? గమకాల వాదనలో నిజం లేదని అనను. అయితే ఊళ్ళో పందిరి కింద రాత్రంతా వినే స్వరాన్ని పొద్దున రేడియో పెడితే పలకనివ్వకపోవడం మాత్రం నాకెప్పటికీ మింగుడు పడదు.

ఏ మూతా లేకుండానే వాద్యం మనిషి గొంతు కింద ఒదగడం అనే విద్య ఒకటుంది. దానికి మణుగూరు మండలం కూనవరం నుంచి వచ్చిన సకిని రామచంద్రయ్య గారిని తలుచుకోవాలి. కోయల వంశాల కథలు, సమ్మక్క సారలమ్మ కథ డోలు మీద పాడినవారాయన. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. కథ చెప్పేవాడికి డోలు రెండో గొంతు. జనాన్ని పిలవడానికి అది అడవి దాటి వినపడాలి, వీరుడి పేరు పలికే వేళకు పక్కకు తప్పుకుని దారి ఇవ్వాలి. చేతి బరువు అటూ ఇటూ మార్చడమే దానికున్న మ్యూట్. మా వైపు తండాల్లో నంగారా వాద్యం పక్కన వాయించే కంచు పళ్ళెం సంగతీ ఇంతే. కొట్టి వదిలేస్తే కంయ్యిమని సాగుతుంది, అంచు మీద అరచెయ్యి ఆన్చితే ఠప్పున ఆగుతుంది. చెయ్యి ఎప్పుడు ఆన్చాలో, ఎంతసేపు ఆన్చాలో అనేదాంట్లోనే ఆ పళ్ళెం పాట అంతా ఉంది.

పక్కింటాయన తర్వాత షిఫ్టు మారి పగటి డ్యూటీకి వచ్చాడు. "ఇగ మీరు ఎంత గట్టిగ వాయించినా నాకు ఫికరు లేదు సారూ" అన్నాడు. ఆ ఆదివారం క్లిప్పు తీసి వాయించాను. గరుకు కొంత తగ్గిన మాట నిజమే, కానీ నాలుగు వరసలు కాగానే మళ్ళీ పెరట్లోకి పోయి క్లిప్పు తెచ్చుకున్నాను. ఇప్పుడది ఎవరి నిద్ర కోసమూ కాదు. నా వయొలిన్‌ను తండా అవతల నుంచి నేనే వినాలి, అంతే.

బోడు దారిలో ఆ రాత్రి విన్న డప్పు దరువు ఏమిటో మాత్రం ఇంకా తేలలేదు. శివరాత్రి పోయి, టేకు ఆకంతా రాలాక, చీకటి పడ్డ తర్వాత అదే మలుపులో బండి ఆపి నిలబడదామనుకుంటున్నాను. ఈసారన్నా సిటికెన పుల్ల వినపడుతుందేమో చూడాలి.